కొంగ ఎగిరిపోయే దూరం

కిందటి సంక్రాంతి సెలవులు అయిపోయిన తరువాత మా కళాశాల గ్రంథాలయం గోడమీద ఒక ఛాయాచిత్రం పెట్టారు. తీసినవాణ్ణి నేనే. నల్లటి బురదనీటి మీద నుంచి ఒక తెల్లకొంగ లేస్తూ వుంటుంది. రెక్కలు రెండూ పూర్తిగా విచ్చుకున్నాయి. కాళ్ళ నుంచి జారే నీటిబొట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. వెనక పొద్దుటి మంచు తప్ప మరేమీ లేదు. చూసినవారంతా మెచ్చుకున్నారు. సంస్కృతం చెప్పే మిత్రుడొకరు "ఇది కవిత్వమండీ" అన్నారు. తెలుగు మాస్టారికి అంతకన్న ఏం కావాలి? నాలుగు రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అయిదో రోజున డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకతను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, తరువాత నా దగ్గరకు వచ్చి, "మాస్టారండీ, మా నాన్న ఏడండీ?" అని అడిగాడు. నాకు వెంటనే బోధపడలేదు. "ఆ గట్టు మీద మా నాన్న వుండాలి కదండీ. ఆయన ఒడిసెలతో రాయి విసిరితేనే కదండీ కొంగ లేచింది. నేనూ అక్కడే వున్నానండీ, మోటారు షెడ్డు దగ్గర" అన్నాడు.

వున్నాడు. అతని తండ్రి గట్టు మీద నిజంగానే వున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, కుడిచెయ్యి గాలిలో వుండగా బొమ్మలో పడ్డాడు. నేనే తీసివేశాను. కంప్యూటరు ముందు కూర్చుని పావుగంట శ్రమపడి, ఆ మనిషిని, ఆయన చేతి ఒడిసెలను, రొయ్యల చెరువు మీద కట్టిన నైలాను దారాలను, కరెంటు స్తంభాన్ని తుడిచివేసి, ఆ జాగాలో మంచు నింపాను. బొమ్మ "బాగుపడింది" అనుకున్నాను. కుర్రవాడు నన్ను నిందించలేదు. లెక్క తప్పిందేమో అడిగినట్టు అడిగాడు, అంతే. "తీసేశానోయ్, బొమ్మ బాగుంటుందని" అని చెప్పి పంపించాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

బెదిరే పక్షి దగ్గరకు అది ఎరగకుండా చేరడానికి మనకున్న హక్కు ఏమిటి? చేరి తెచ్చుకున్న రూపాన్ని మనకు నచ్చినట్టు దిద్దుకోవడానికి వున్న హక్కు ఏమిటి? ఇవి రెండు ప్రశ్నలుగా కనిపిస్తాయి. నా దృష్టిలో ఒకే ప్రశ్న. కొంగల బొమ్మలు తీసుకునే కొద్దిమంది సరదారాయుళ్ళ గొడవ ఇది అనుకునే పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

పిఠాపురం చుట్టుపక్కల నీటిపక్షుల కోసం వెతుక్కోనక్కరలేదు. ఊళ్ళో కొలువైన శివుడే కుక్కుటేశ్వరుడు, కోడి పేరు పెట్టుకున్న దేవుడు. ఏలేరు కింద దమ్ములు సాగే రోజుల్లో ప్రతి మడిలోనూ కొంగలే. వాటిని చూసి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది: దమ్ము ట్రాక్టరు వెనక రెండు గజాల దూరంలో, ఆ మోతలో, ఆ బురద చిందుల్లో కొంగలు నిశ్చింతగా పురుగులు ఏరుకుంటాయి. ఊడ్పు ఊడ్చే ఆడవాళ్ళ పక్కన నిలబడతాయి. గేదె మూతి దగ్గర, గేదె వీపు మీద వుంటాయి. నేను గట్టు మీద కెమెరాతో కనిపించానా, నలభై గజాల అవతలే మెడ సాచి, ఒక్క క్షణం చూసి, లేచిపోతాయి. ట్రాక్టరుకన్న నేను భయంకరుణ్ణా? కొంగ దృష్టిలో అవును. ట్రాక్టరు తన పని తాను చేసుకుంటుంది. ఊడ్చే మనిషి వంగి నేలకేసి చూస్తుంది. నేనొక్కణ్ణే తిన్నగా దానికేసి చూస్తూ, తిన్నగా దానికేసి నడిచి వస్తున్నాను. అలా వచ్చే జంతువు ఏదైనా ప్రాణం తీయడానికే వస్తుందని కొంగకు తెలుసు.

ప్రతి జంతువుకూ, శత్రువు ఎంత దగ్గరకు వస్తే తాను పారిపోతుందో ఒక దూరం వుంటుంది. స్విట్జర్లాండు జంతుశాస్త్రవేత్త హెడిగర్ దీన్ని "పలాయన దూరం" అనే అర్థం వచ్చే మాటతో వివరించాడు. మన పల్లెల్లో శాస్త్రం చదవనివారికి కూడా ఈ సంగతి తెలుసు. పొలాల్లో వుండే మట్టిరంగు కొంగను మనవాళ్ళు గుడ్డికొంగ అన్నారు. మనిషి కాలు దాదాపు మీద పడేదాకా కదలదు గనుక దానికి కళ్ళు లేవనుకున్నారు. లేచినప్పుడు తెల్లటి రెక్కలు భగ్గుమని విచ్చుకుంటే ఉలిక్కిపడేది మనమే. అంతవరకూ అది మనను చూస్తూనే వుంది, దాన్ని చూడనిది మనం. గుడ్డితనాన్ని దానికి అంటగట్టి పేరు పెట్టాం.

బెదరడం పక్షి స్వభావం అంటారు కొందరు. అందులో సగమే నిజం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ జనం కాపురముండే ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరిచెరువులోనే వేలకొద్దీ వాలతాయి. అక్కడివారు వాటిని కొట్టరు. పక్షి అదే, రెక్కలు అవే. మారింది మనుషులతో దానికున్న అనుభవం. ఒకప్పుడు యూరపు సంపన్న స్త్రీల టోపీలకు కొంగల పెళ్ళిరెక్కలు కావలసివచ్చాయి. గూళ్ళలో పిల్లలున్న కాలంలోనే ఆ ఈకలు వస్తాయి గనుక ఆ కాలంలోనే వాటిని చంపేవారు. 1902లో మన దేశం నుంచి ఈకల ఎగుమతిని నిషేధించారు. బ్రిటన్ తన గడ్డమీద దిగుమతిని ఆపడానికి 1921 దాకా పట్టింది. నలభై గజాల దూరం అనేది ప్రకృతి ఒక్కటే గీసిన గీత కాదు. మన తుపాకులూ, ఒడిసెలలూ, ఉచ్చులూ కూడా దాన్ని గీశాయి.

ఇప్పుడు ఆ గీతను దాటే విద్యలు చూడండి. పక్షివైపు తిన్నగా నడవకూడదు, ఓరగా నడవాలి. కళ్ళలోకి చూడకూడదు. తెల్లవారకముందే వెళ్ళి బురదలో కూర్చోవాలి, పక్షి తనంతట తాను వచ్చేదాకా కదలకూడదు. నిలబడ్డ మనిషికన్న కూర్చున్న మనిషి, కూర్చున్న మనిషికన్న బోర్లా పడుకున్న మనిషి దానికి తక్కువ భయం. గేదెల మంద పోతుంటే వెనక నడవాలి. కారు ఆపి లోపలే వుంటే అద్దంలోంచి పది గజాల్లో తీయవచ్చు. కారు తలుపు తెరిచి కాలు కింద పెట్టిన మరుక్షణం పక్షి వుండదు. 400 మిల్లీమీటర్ల లెన్సు వుంటే మిగిలిన దూరాన్ని గాజు మింగేస్తుంది. ఇన్నీ చేసి, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగకు ఎదురుగా మోకాలు బురదలో ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. చేపను నమ్మించడానికి కదలకుండా నిలబడే కొంగను చూసి మనవాళ్ళు "కొంగజపం" అనే మాట పుట్టించారు. ఆ మడిలో జపం చేసేవాళ్ళం ఇద్దరం వున్నాం. కొంగ ఆకలి కోసం చేస్తున్నది. నేను దేనికోసం చేస్తున్నాను?

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. శ్రీహర్షుడి నైషధంలో నలుడు కొలను గట్టున ఒంటికాలి మీద నిద్రపోతున్న బంగారు హంసను చూస్తాడు. గుర్రం దిగి, ఒదిగి ఒదిగి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళి చేత్తో పట్టుకుంటాడు. దీన్ని శ్రీనాథుడు తెలుగు చేసిన సంగతి పాఠకులకు తెలుసు. ఆ హంస తన ముసలితల్లిని, పిల్లలను తలుచుకుని ఏడుస్తుంది. నలుడి మనసు కరుగుతుంది. విడిచిపెడుతూ అతడు చెప్పే సమాధానం చిత్రమైనది: ఏ రూపాన్ని చూడాలని నిన్ను పట్టుకున్నానో ఆ రూపం చూశాను, ఇక నీ ఇష్టం వచ్చినచోటికి వెళ్ళు అనే అర్థంలో మాట్లాడతాడు. తరగతిలో ఈ ఘట్టాన్ని ఏళ్ళ తరబడి దయకు ఉదాహరణగా చెప్పాను. బురదలో కూర్చోవడం మొదలుపెట్టిన తరువాత గాని అందులో ఒక రాజు సాకు వినపడలేదు. చూడడం కోసమే పట్టుకున్నాను, హాని చెయ్యలేదు కదా! ఛాయాచిత్రాలు తీసే ప్రతివాడూ ఈ మాటే అంటాడు. పట్టుబడ్డంతసేపు హంస గుండె ఎలా కొట్టుకున్నదో రాజు లెక్కలో లేదు.

రామాయణం పుట్టుక కథలో కూడా నీటి ఒడ్డున పక్షే వుంది. బోయవాడు క్రౌంచాన్ని కొట్టాడు, ముని శోకించాడు, శోకం శ్లోకమైంది. ఇద్దరూ ఒకే పక్షిని చూశారు. ఒకడికి అది కూడు, ఒకరికి కవిత్వం. మన విమర్శకులు రెండువేల ఏళ్ళుగా కవి పక్షాన నిలబడి బోయవాణ్ణి శపిస్తున్నారు. ఆ రోజు అతని ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని ఆదికవి అడగలేదు. నేను వేటను సమర్థించడం లేదు. చంపినవాణ్ణి శపించడం తేలిక, అతను చంపవలసివచ్చిన కారణాన్ని చూడడం కష్టం అని మాత్రమే అంటున్నాను. ఈ బోయవాడి దగ్గరకు మళ్ళీ వస్తాను.

కెమెరా వేటకు వ్యతిరేకి అని చెప్పుకుంటారు. చరిత్ర చూస్తే కెమెరా వేటగాడి ఇంట్లో పెరిగిన బిడ్డే. అమెరికాలో పక్షుల బొమ్మలకు పేరుపొందిన ఆడుబన్ పక్షులను ముందు కాల్చి, తీగలు గుచ్చి, బతికున్నట్టు నిలబెట్టి చిత్రించేవాడు. ఇంగ్లాండులో కియర్టన్ సోదరులు పందొమ్మిదో శతాబ్దం చివర పక్షుల ఛాయాచిత్రాలకు దారి వేశారు. వాళ్ళు ఎద్దు తోలు లోపల చట్రం కట్టి, ఆ బోలు ఎద్దులో మనిషి దూరి, ఒక బొక్కలోంచి కెమెరాతో చూసేవారు. గేదె వెనక నడిచే నా విద్యకు ఇది తాత. మన దేశపు వేటగాళ్ళకు మరొక ఉపాయం తెలుసు: కుండ బోర్లించి తలకు పెట్టుకుని, పీకల్లోతు నీళ్ళలో బాతుల మధ్యకు వెళ్ళి, కింద నుంచి కాళ్ళు పట్టి లాగేవారు. అంతకుముందు కొన్నాళ్ళు ఉత్త కుండలను నీటిలో వదిలి బాతులకు అలవాటు చేసేవారు. నమ్మకాన్ని ముందు పెంచడం, పెంచిన నమ్మకాన్ని వాడుకోవడం, ఇవి రెండూ ఒకే పనిలో భాగాలు. తెలుగులో బొమ్మనూ "తీస్తాం", ప్రాణాన్నీ "తీస్తాం". మాటల చరిత్ర తెలిసినవాడుగా దీనిమీద సిద్ధాంతం కట్టను. చెవికి మాత్రం కలుక్కుమంటుంది.

హాని చెయ్యలేదు కదా అనే సాకును నా విషయంలో ఒక బుడబుంగ తీర్చివేసింది. ఈ చిన్న నీటికోడి తుంగలో తేలే గూడు కట్టి గుడ్లు పెడుతుంది. గూటిని వదిలి నీళ్ళలోకి దిగే ముందు కుళ్ళిన నాచు లాగి గుడ్ల మీద కప్పిపోతుంది. పైనుంచి చూస్తే చెత్తకుప్పలా వుంటుంది, కాకికి తెలియదు. నేను మూడేళ్ళ కిందట ఒక చెరువులో ఆ గూటిని దూరం నుంచి చూసి, మరి కాస్త దగ్గరకు, మరి కాస్త దగ్గరకు అని నీళ్ళలోకి దిగాను. పక్షి నన్ను చూసి చటుక్కున మునిగింది. కప్పుకునే వ్యవధి నేను దానికి ఇవ్వలేదు. తెల్లటి గుడ్లు నాలుగు ఎండలో బయటపడ్డాయి. నేను సంతోషంగా బొమ్మలు తీసుకున్నాను. తీసుకుని గట్టెక్కి వెనక్కు తిరిగేసరికి గూటి మీద కాకి వుంది. అరిచాను, మట్టిగడ్డ విసిరాను. ఆ బొమ్మలు ఇప్పటికీ నా దగ్గర వున్నాయి. ఎవరికీ చూపించలేదు, చెరిపివెయ్యనూ లేదు. గూటి బొమ్మలను చాలా పోటీలవారు ఎందుకు తీసుకోరో ఆ రోజు తెలిసింది. అభయారణ్యంలో ఛాయాచిత్రాలకు అనుమతి కావాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎందుకు చెబుతుందో కూడా. అభయారణ్యం బయటి చెరువుకు అడిగేవాడు లేడు.

ఇక దిద్దుబాటు సంగతి. ఇందులో అన్నీ ఒక గాటకట్టేవి కావు. తెల్లకొంగ నల్లటి బురదలో నిలబడితే కెమెరా మోసపోతుంది. దృశ్యమంతా సగటు బూడిదరంగులో వుండాలని దాని లెక్క. నలుపు ఎక్కువ కనిపిస్తే వెలుతురు పెంచుతుంది. అప్పుడు కొంగ తెలుపు కాలిపోయి సున్నం ముద్ద అవుతుంది. అందులో ఈకలు వుండవు, ఏ దిద్దుబాటుతోనూ అవి తిరిగిరావు. అంచేత ముందే వెలుతురు ఒకటి రెండు మెట్లు తగ్గించి తీసి, తరువాత నీడలను కంప్యూటరులో పైకి తెస్తాం. ఇది అబద్ధం కాదు. యంత్రం చేసే అబద్ధాన్ని సవరించడం. లెన్సు మీది దుమ్ము మచ్చను తుడవడం, తక్కువ వెలుతురులో వచ్చే గింజను తగ్గించడం, అంచులు కత్తిరించి పక్షిని మధ్యకు తేవడం, వీటిని గురించి తగువు పెట్టుకునేవాడికి వేరే పని లేదనుకుంటాను. ఎగిరే రెక్కను 1/2000 సెకనులో ఆపడం మాత్రం కాస్త ఆలోచించవలసిన విషయం. కంటికి ఎన్నడూ కనపడని రూపం అది. అయినా రెక్క అక్కడ వున్నది నిజం.

తగువు మొదలయ్యేది వున్నదాన్ని లేకుండా చెయ్యడం దగ్గర. 2017లో లండను సహజచరిత్ర మ్యూజియం పోటీలో బహుమతి పొందిన ఒక చీమలబోతు బొమ్మను 2018లో రద్దు చేశారు. అందులోని జంతువు పెంటు కూరినదని తేల్చారు. నూరేళ్ళ కిందట ఎద్దు తోలులో మనిషి దూరాడు, ఇప్పుడు తోలు కూరిన జంతువే కెమెరా ముందుకు వచ్చింది. ఇది కొట్టొచ్చిన మోసం గనుక అందరూ ఖండించారు. ఎవరూ ఖండించని మోసాలు వున్నాయి. కొల్లేటి అంచున కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇనప చట్రాల మీద గూళ్ళు పెడతాయి. అటవీశాఖవారు చెరువు నీళ్ళలో ఆ చట్రాలను నిలబెట్టారు. అక్కడ వేలకొద్దీ బొమ్మలు తీస్తారు. ఇనుము కనపడకుండా కత్తిరించి, లేదా చెరిపి, ఆకాశం కింద పక్షినీ పిల్లనూ మాత్రం మిగిల్చినవి నేను చాలా చూశాను. అందంగా వుంటాయి. కాని ఆ ఇనుములో ఒక చరిత్ర వుంది. చేపల చెరువులు కొల్లేటిని మింగుతూ వచ్చాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించవలసివచ్చింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుగట్లను తెగ్గొట్టారు. ఆ గట్ల మీద కూలి చేసుకునేవారి బతుకుల మాట తరువాత ఎంతమంది అడిగారు? ఇనప చట్రం కనిపించే బొమ్మ చూసినవాడు "ఇదేమిటి, చెట్లు ఏమయ్యాయి?" అని అడుగుతాడు. చట్రం చెరిపిన బొమ్మ చూసినవాడు "ఆహా" అంటాడు. ప్రశ్న పుట్టవలసిన చోట నిట్టూర్పు పుట్టించడం ఆ దిద్దుబాటు చేసిన పని.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. కవి కూడా ఏరుకుంటాడు గదా, పొలాన్ని వర్ణించేటప్పుడు పేడకుప్పను వదిలివేస్తాడు గదా అని ఒకటి. నిజమే. కాని కవి తాను ఏరుకున్నానని పాఠకుడికి తెలిసేలాగే ఏరుకుంటాడు. పద్యాన్ని ఎవరూ సాక్ష్యం అనుకోరు. ఛాయాచిత్రం బలమంతా "ఇది ఇలాగే జరిగింది" అనే నమ్మకంలో వుంది. ఆ నమ్మకాన్ని వాడుకుంటూ దానికి విరుద్ధంగా పని చెయ్యడం బాతులకు కుండను అలవాటు చెయ్యడం లాంటిదే. ఈసారి కుండ కింద పట్టుబడేది చూసేవాడు. పైగా నేను తీసివేసినది పేడకుప్ప కాదు. కొంగ లేవడానికి కారణాన్నే తీసివేశాను. కారణం పోయిన తరువాత మిగిలిన ఎగురుడు స్వేచ్ఛలా కనిపించింది. మా సంస్కృత మిత్రుడు కవిత్వమన్నది దాన్నే. అక్కడున్నది ప్రాణభయం.

రెండో ఆక్షేపణ మనవాళ్ళదే. మనుషులు ఇన్ని బాధల్లో వుండగా కొంగల మీద ఈ చర్చ ఏమిటి అంటారు. నేను కొంగ నుంచి మొదలుపెట్టి రొయ్యల చెరువు కాపలాదారు దగ్గరకు వచ్చాను, దారిలో ఎక్కడా మలుపు తిరగలేదు. ఈ ఆక్షేపణకు ఇంతకన్న స్థలం ఇవ్వను.

ఆ కుర్రవాడు అడిగిన తరువాతి ఆదివారం నేను రెండు ప్రతులు అచ్చు తీయించుకుని చెరువు దగ్గరకు వెళ్ళాను. ఒకటి గోడమీది బొమ్మ. రెండోది దిద్దనిది, ఆయన వున్నది. మనసులో ఒక తీర్మానం కూడా చేసుకున్నాను: ఈ రెండోదాన్నే గోడకు పెట్టాలి, శ్రమించే మనిషిని బొమ్మలోకి తిరిగి తేవాలి. ఈ ఔదార్యానికి నాకు నేనే ముచ్చటపడ్డానని ఒప్పుకుంటాను. చెరువు ఎక్కడిదో, ఊరేదో రాయడం లేదు. కారణం ఇప్పుడే తెలుస్తుంది.

ఆయన నన్ను చూడగానే గట్టు మీద లేచి నిలబడ్డాడు. మొదటిసారి బొమ్మలు తీసిన రోజున కూడా నన్ను దూరం నుంచే "ఏ ఆఫీసండీ?" అని అడిగాడు. నా పలాయన దూరాలన్నీ కొంగలకే కొలిచాను గాని, కెమెరా చూసి ఆ మనిషి వేసిన రెండడుగుల వెనకడుగును ఆ రోజు కొలవలేదు. ఇప్పుడు కొడుకు మాస్టారినని తెలిసి మంచం వాల్చాడు. వనామీ రొయ్యకు పక్షుల వల్ల తెల్లమచ్చ తెగులు అంటుకుంటుందని ఆసామి భయం. అందుకే ఆ దారాలు. పట్టుబడికి నీళ్ళు దించినప్పుడు దారాలు ఆగవు, కొంగలు ముసురుకుంటాయి. రాత్రీ పగలూ ఆయనే కాపలా. పోయిన రొయ్యకు లెక్క ఆయనే చెప్పాలి.

రెండు బొమ్మలూ చేతిలో పెట్టాను. తన బొమ్మను చాలాసేపు చూశాడు. తరువాత దాన్ని బోర్లా తిప్పి మంచం మీద పెట్టాడు.

"బాబుగారూ, ఇది ఎక్కడా పెట్టకండి."

"ఏం? వున్నది వున్నట్టు వుంది గదా?"

"అందుకేనండి. పిట్టల్ని కొడుతున్నానని ఎవరైనా ఫారెస్టోళ్ళకి చూపిస్తే నా పీకకి చుట్టుకుంటుంది. రాయి ఆసామి ఏయమంటేనే ఏశానండి. బొమ్మలో ఆసామి ఉండడు గదండీ, నేనుంటాను."

పాఠకులారా, నేను ఎమ్మే చదివాను, వాస్తవికత మీద ఏడాదికి నాలుగు ఉపన్యాసాలు ఇస్తాను. ఈ మాట నాకు తట్టలేదు. దిద్దని బొమ్మ నిజం చెబుతుందనుకున్నాను. అది కూడా చేతిలో ఒడిసెల వున్నవాడి దగ్గరే ఆగిపోతుంది. ఒడిసెల ఇచ్చినవాడి దాకా పోదు. ఆదికవి శాపం బోయవాడి దగ్గర ఆగిపోయినట్టే. అందం కోసం నేను ఆయన్ను చెరిపాను. నిజం కోసం తిరిగి పెడదామనుకున్నాను. రెండుసార్లూ ఆయన్ను అడగలేదు. గూడు కప్పుకునే వ్యవధి ఆయనకూ ఇవ్వలేదు.

"అయితే గోడమీది బొమ్మ తీయించెయ్యమంటారా?" అన్నాను.

"తియ్యడం దేనికండి? కొంగ బాగా వచ్చింది" అన్నాడు.

ఆ బొమ్మ ఇప్పటికీ గ్రంథాలయం గోడమీదనే వుంది. కింద ఒక చీటీ అంటించాను. రొయ్యల చెరువు మీద రాయి తగలకుండా తప్పించుకుని లేచిన కొంగ ఇది అనీ, రాయి విసిరినవారు, విసిరించినవారు ఈ బొమ్మలో లేరు అనీ, వెనక మంచు నేను పెట్టినది అనీ రాశాను. సంస్కృత మిత్రుడు చదివి "చీటీతో కవిత్వం పోయిందండీ" అన్నారు. ఒకరిద్దరు విద్యార్థులు మాత్రం చీటీ చదివిన తరువాత మళ్ళీ బొమ్మకేసి చూడడం గమనించాను. దిద్దని ప్రతిని ఆయన దగ్గరే వుంచమని ఇచ్చాను. మూల బొమ్మను కంప్యూటరులోంచి కూడా తీసివేశాను. ఈ పని సరైనదేనా అని నాకు ఇంకా అనుమానమే. సాక్ష్యాన్ని నాశనం చేశావు అని ఒక మిత్రుడు దెబ్బలాడాడు. ఎవరిమీద సాక్ష్యం అని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు.

ఆ రోజు నేను లేవబోతుంటే ఆయన కొంచెం సందేహించి, "బాబుగారూ, మా వాడితో కలిపి నాకొక ఫొటో తీస్తారా?" అన్నాడు. కొడుకును మోటారు షెడ్డు దగ్గర నుంచి పిలిచాడు. ఒడిసెలను చూరులో దోపి వచ్చి, చేతులు రెండూ పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తీసినదాన్ని కెమెరా వెనక చిన్న తెర మీద చూపించాను. చూసి, "చొక్కా భుజం దగ్గర చిరిగిందండి. అది కనపడకుండా చెయ్యడం అవుతుందా?" అని అడిగాడు. కుర్రవాడు సిగ్గుపడి "నాన్నా" అన్నాడు.

ఇంటికి వచ్చి చిరుగు పూడ్చాను. ఒక గంట పట్టింది, నేత గీతలు కలిసేలా చెయ్యడానికి. రెండు ప్రతులు తీయించి పంపించాను. దారాలూ, స్తంభమూ వెనక అలాగే వున్నాయి. స్తంభం మీద ఒక నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నది. మేము ముగ్గురం అంత దగ్గరలో మాట్లాడుకుంటూ వుండగా అది ఎప్పుడు వచ్చి వాలిందో, చిరుగు పూడ్చేదాకా నేను చూడనే లేదు.